పదిహేను ఎత్తులు నోటికొచ్చినా పదహారోది ఎందుకు తోచదు?

సంక్షిప్తంగా: ఇటాలియన్, రుయ్ లోపెజ్, క్వీన్స్ గాంబిట్ లాంటి పాత చెస్ ఓపెనింగ్‌లలో, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసల్లో, ప్రతి ఎత్తుకూ ఒక కారణం ఉంది. చాలాసార్లు ఆ కారణం బోర్డు మీద ఇంకా జరగని ఒక బెదిరింపు. అది ఎప్పుడు ఉత్తుత్తిది, ఎప్పుడు నిజం అన్నది తెలిస్తే ఎత్తుల వరస గుర్తుండటానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు. ఓపెనింగ్ ముగిశాక మిగిలే బంట్ల అమరిక తర్వాతి ఆటకు దారి చూపిస్తుంది. కంప్యూటర్ల వల్ల ఓపెనింగ్‌ల ఫ్యాషన్ మారింది గానీ ఈ కారణాలు మారలేదు.

## బట్టీ ఎక్కడ తెగుతుంది

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్ 18 ఏళ్ల వయసులో ప్రపంచ చాంపియన్ అయ్యాక తెలుగు ఇళ్లలో చెస్ గురించి కొత్త ప్రశ్నలు వినిపిస్తున్నాయి. పిల్లలకు ఏ ఓపెనింగ్ నేర్పించాలి, ఎన్ని నేర్పించాలి, వీడియోలు చూసి నేర్చుకుంటే చాలదా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. చాలాచోట్ల ఓపెనింగ్ చదువు అంటే ఎత్తుల వరస అప్పజెప్పడమే. ఎక్కాలు వల్లె వేసినట్టు పది ఎత్తులు, పదిహేను ఎత్తులు గడగడా చెప్పేస్తారు. తీరా పోటీలో కూర్చుంటే ఎదుటివాడు నాలుగో ఎత్తులోనే పాఠంలో లేనిది ఆడతాడు. అప్పజెప్పడం అక్కడితో ఆగిపోతుంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. లెక్కే అలాంటిది. ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులున్నాయి: బంట్లతో 16, గుర్రాలతో 4. నల్లపావులు బదులిచ్చేసరికి 400 దారులు. తెలుపు రెండో ఎత్తుకు అవి 8,902 అవుతాయి. నలుపు రెండో ఎత్తుకు 1,97,281. చెరి మూడు ఎత్తులు పూర్తయ్యేసరికి ఆ సంఖ్య 11.9 కోట్లు. వీటిలో ఎక్కువ భాగం ఎవరూ ఆడని పిచ్చి ఎత్తులే. అయినా మిగిలినవాటిని గుర్తుపెట్టుకోవడం కూడా మనిషి తరం కాదు. ఓపెనింగ్‌లను వర్గీకరించడానికి బెల్‌గ్రేడ్‌లో తయారైన విజ్ఞాన సర్వస్వం ఎ00 నుంచి ఇ99 దాకా 500 సంకేతాలు వాడుతుంది. ఒక్కో సంకేతం కింద మళ్లీ శాఖలు, ఉపశాఖలు ఉంటాయి.

కాబట్టి జ్ఞాపకశక్తి ఎంత ఉన్నా అది ఎక్కడో ఒకచోట అయిపోతుంది. అయిపోయిన చోట ఏం మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబు పాత ఓపెనింగ్‌లలోనే దొరుకుతుంది. ఎందుకంటే వాటిలో కారణాలు పైకి కనిపించేంత దగ్గరగా ఉంటాయి.

ముందుగా పావుల పేర్ల సంగతి. తెలుగు ఇళ్లలో మూలనుండే పావును ఏనుగు అంటారు. మూలగా నడిచే పావుకు ఒక్కో ఇంట ఒక్కో పేరు. గందరగోళం లేకుండా ఈ వ్యాసంలో ఆ రెండింటికీ రూక్, బిషప్ అనే పేర్లే వాడుతున్నాం. మిగిలినవి రాజు, మంత్రి, గుర్రం, బంటు. నిలువు వరసలు తెలుపు ఎడమ చేతివైపు నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డు వరసలు తెలుపు వైపు నుంచి 1 నుంచి 8. పక్కన బోర్డు పెట్టుకుని చదివితే సగం పని అయినట్టే.

## ఒకే ఒక్క కాపలా ఉన్న గడి

తెలుపు ఇ బంటును రెండు గడులు తోస్తుంది, నలుపూ అదే చేస్తుంది. తెలుపు గుర్రం ఎఫ్3కి వచ్చి ఇ5 బంటు మీద కన్నేస్తుంది. నలుపు గుర్రం సి6కి వచ్చి ఆ బంటుకు కాపలా కాస్తుంది. ఇక్కడ తెలుపు బిషప్ సి4కి వస్తే ఆ ఆట ఇటాలియన్. 1620లలో ఇటలీలోని కలాబ్రియా ప్రాంతం నుంచి బయలుదేరి యూరప్ అంతా తిరిగిన జోయకినో గ్రెకో రాతప్రతులలో ఈ ఓపెనింగ్ మెరుపుదాడులు ఎన్నో ఉన్నాయి.

బిషప్ సి4లోనే ఎందుకు? మొదటి కారణం అందరూ చెప్పేదే: అక్కడి నుంచి అది బోర్డు నడిబొడ్డున ఉన్న డి5ను చూస్తుంది. రెండోది ఆ గీత చివర ఉన్న ఎఫ్7 గడి. ఆట మొదట్లో నలుపు బంట్లలో ఎఫ్7 బంటుకు రాజు తప్ప వేరే కాపలా లేదు. మిగిలిన ప్రతి బంటు వెనకా రూకో, గుర్రమో, బిషప్పో, మంత్రో నిలబడి ఉంది. ఎఫ్7కు రాజొక్కడే దిక్కు. రాజు కాపలాదారుగా మారితే అతనికే చెక్ పడుతుంది.

నలుపు రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చిందనుకుందాం. తెలుపు గుర్రం జి5కి దూకుతుంది. ఇప్పుడు ఎఫ్7 మీద బిషప్, గుర్రం రెండూ ఉన్నాయి. నలుపు డి బంటును డి5కి తోసి బిషప్ దారికి అడ్డం పెడుతుంది. తెలుపు ఇ బంటు దాన్ని తీసుకుంటుంది. ఇక్కడ నేర్చుకునేవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది చేసే పని గుర్రంతో ఆ బంటును తిరిగి తీసుకోవడం. చూడ్డానికి సహజమైన ఎత్తే, కానీ చిక్కంతా అందులోనే ఉంది. తెలుపు గుర్రం ఎఫ్7 మీద పడి ఒకేసారి మంత్రినీ రూక్‌నూ పట్టుకుంటుంది. రాజు దాన్ని చంపక తప్పదు. తెలుపు మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ ఇస్తూనే డి5 గుర్రం మీద కూడా గురిపెడుతుంది. గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఇ6కి నడిచి రావాలి. పావులన్నీ బోర్డు మీదుండగా రాజు నడివీధిలో నిలబడినట్టే.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు బంటును తిరిగి తీసుకోకుండా సి6 గుర్రాన్ని ఎ5కి పంపి సి4 బిషప్‌ను బెదిరిస్తారు. ఒక బంటు పోతుంది. దానికి బదులు తెలుపు పావులు వెనక్కి పరుగెడుతుంటే నలుపు తన పావులను ముందుకు తెచ్చుకుంటుంది. ఈ ఎత్తును బట్టీ పట్టినవాళ్లు "గుర్రం ఎ5" అని గుర్తుపెట్టుకుంటారు. కారణం తెలిసినవాళ్లకు గుర్తుండేది వేరు: తెలుపు బిషప్ ఆ గీత మీద ఉన్నంతసేపు డి5లో గుర్రం నిలబడలేదు. ఈ రెండో జ్ఞాపకం మరో ఓపెనింగ్‌లో, మరో అమరికలో కూడా పనికొస్తుంది.

## రుయ్ లోపెజ్: ఉత్తుత్తి బెదిరింపు నిజమయ్యే క్షణం

పై ఆటలో మూడో ఎత్తుగా బిషప్‌ను సి4కి కాకుండా ఇంకో గడి ముందుకు, బి5కి తీసుకెళితే అది రుయ్ లోపెజ్. స్పానిష్ ఆట అని కూడా అంటారు. స్పెయిన్‌కు చెందిన క్రైస్తవ పురోహితుడు రుయ్ లోపెజ్ దె సెగురా 1561లో రాసిన చెస్ గ్రంథం వల్ల ఆ పేరు స్థిరపడింది. ఓపెనింగ్ లోపలి తర్కాన్ని చూడటానికి దీన్ని మించినది లేదు. కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి.

ఇ5 బంటుకు సి6 గుర్రం కాపలా. బి5 బిషప్ ఆ గుర్రాన్ని చూస్తోంది. గుర్రాన్ని చంపేస్తే ఇ5 బంటు అనాథ అవుతుంది కదా? మొదటిసారి చూసిన ప్రతివాళ్లకూ తోచే ఆలోచన ఇదే. నలుపు మాత్రం దాన్ని పట్టించుకోనట్టు ఎ బంటును ఎ6కి తోసి "వస్తావా, వెళ్తావా" అని బిషప్‌ను అడుగుతుంది.

సరే, తెలుపు బిషప్ గుర్రాన్ని చంపిందనుకుందాం. నలుపు డి బంటుతో బిషప్‌ను తీసుకుంటుంది. తెలుపు గుర్రం ఇ5 బంటును తినేస్తుంది. ఒక బంటు లాభం. కానీ డి బంటు పక్కకు జరగడంతో నలుపు మంత్రికి దారి తెరుచుకుంది. మంత్రి డి4కి వచ్చి నిలబడుతుంది. అక్కడి నుంచి ఇ5 గుర్రాన్నీ, ఇ4 బంటునూ ఒకేసారి పట్టుకుంటుంది. గుర్రం ఎఫ్3కి వెనక్కి వెళ్తే మంత్రి ఇ4 బంటును చెక్‌తో తీసుకుంటుంది. లెక్క సమానం. అంటే మూడో ఎత్తు వేసిన బెదిరింపు ఉత్తుత్తిది. నలుపు ఎ6 ఆడేంత తీరిక అందుకే దొరికింది.

ఇప్పుడు అసలు ఆట నడుద్దాం. తెలుపు బిషప్ ఎ4కి తగ్గుతుంది. నలుపు గుర్రం ఎఫ్6కి వచ్చి ఇ4 బంటును చూస్తుంది. తెలుపు క్యాస్లింగ్ చేస్తుంది, అంటే రాజును రెండు గడులు పక్కకు జరిపి రూక్‌ను దాని అవతలికి తెస్తుంది. నలుపు బిషప్ ఇ7కి. తెలుపు రూక్ ఇ1కి. ఈ ఆరో ఎత్తు దగ్గర ఆగాలి. రూక్ ఇ1కి రావడంతో ఇ4 బంటుకు గట్టి కాపలా వచ్చింది. ఇప్పుడు పాత బెదిరింపునే మళ్లీ వేసి చూస్తే: బిషప్ గుర్రాన్ని చంపుతుంది, డి బంటు తీసుకుంటుంది, గుర్రం ఇ5 బంటును తింటుంది, మంత్రి డి4కి వస్తుంది, గుర్రం ఎఫ్3కి తిరిగి వెళ్తూ మంత్రినే బెదిరిస్తుంది. ఇ4 బంటును తీసుకుందామంటే రూక్ చూస్తోంది. బంటు పోయినట్టే. మూడో ఎత్తున ఉత్తుత్తిగా ఉన్న బెదిరింపు ఆరో ఎత్తుకు నిజమైంది.

అందుకే నలుపు సరిగ్గా ఇప్పుడే బి బంటును బి5కి తోస్తుంది. ఒక ఎత్తు ముందు అది తప్పనిసరి కాదు, ఇప్పుడు కూడా బెదిరింపును పట్టించుకోకపోతే బంటు ఉండదు. అప్పజెప్పే పద్ధతిలో "ఆరో ఎత్తు బి5" అన్నది ఒక అంకె మాత్రమే. కారణంతో చూస్తే అది ఆ క్షణానికి సరిగ్గా అతికిన ఎత్తు. ఎత్తుకు పై ఎత్తు అనే మాటకు ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

తర్వాతి ఎత్తులనూ ఇలాగే చదవవచ్చు. బిషప్ బి3కి వెళ్తుంది, నలుపు డి6 ఆడుతుంది, తెలుపు సి బంటును సి3కి తోస్తుంది. ఈ చిన్న ఎత్తు రెండు పనులు చేస్తుంది. త్వరలో డి4 ఆడినప్పుడు వెనక నిలబడటానికి ఒక బంటు సిద్ధంగా ఉంటుంది. రెండోది, నలుపు గుర్రం ఎ5కి వచ్చి బి3 బిషప్‌ను మార్చుకోవాలని చూస్తే అది సి2కి తప్పుకునే దారి ఏర్పడింది. నలుపు క్యాస్లింగ్ చేశాక తెలుపు తొమ్మిదో ఎత్తుగా హెచ్ బంటును హెచ్3కి తోస్తుంది. మధ్యలో యుద్ధం పెట్టుకుని ఓరగా ఉన్న బంటును జరపడం కొత్తవాళ్లకు వింతగా ఉంటుంది. దాని పని ఒకటే: నలుపు బిషప్ జి4కి వచ్చి ఎఫ్3 గుర్రాన్ని కట్టిపడేయకుండా చూడటం. డి4 ఆడాక ఆ గడిని కాచేది ఆ గుర్రమే మరి.

ఇక్కడ నలుపు ముందున్న దారుల్లో ఒకటి బ్రేయర్ పద్ధతి. సి6లో ఉన్న గుర్రం మళ్లీ ఇంటికి, బి8కి వెళ్లిపోతుంది. తొమ్మిది ఎత్తులు ఆడి గుర్రాన్ని మొదటి గడికి చేర్చడం పొరపాటు కాదా? గుర్రం అక్కడి నుంచి డి7కి వస్తుంది. అప్పుడు ఇ5కు కాపలా అలాగే ఉంటుంది, సి బంటుకు దారి తెరుచుకుంటుంది, బి7కి రాబోయే బిషప్‌కు అడ్డు తొలగుతుంది. కేంద్రం మూసుకుని ఉంది కాబట్టి రెండు ఎత్తులు ఖర్చు పెట్టినా నలుపుకు ప్రమాదం లేదు. 1972లో రేక్యావిక్ ప్రపంచ చాంపియన్‌షిప్ పదో ఆటలో అమెరికన్ ఆటగాడు బాబీ ఫిషర్‌పై అప్పటి చాంపియన్ బోరిస్ స్పాస్కీ ఆడింది ఈ బ్రేయర్ పద్ధతే. "గుర్రాలను ముందుకు తేవాలి" అన్న సూత్రాన్ని మాత్రమే నేర్చుకున్నవాళ్లకు ఈ ఎత్తు ఎప్పటికీ తోచదు. సూత్రం ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లకు దాన్ని ఎప్పుడు పక్కన పెట్టవచ్చో కూడా తెలుస్తుంది.

## గాంబిట్ కాని గాంబిట్

గాంబిట్ అనే మాట ఇటాలియన్‌లో కాలు అడ్డం పెట్టి పడేయడం అనే అర్థం నుంచి వచ్చింది. చెస్‌లో దాన్ని వాడుకలోకి తెచ్చింది కూడా రుయ్ లోపెజే. లాభం కోసం బంటును ఎర వేయడం గాంబిట్. ఆ లెక్కన క్వీన్స్ గాంబిట్ పేరుకే గాంబిట్.

తెలుపు డి4, నలుపు డి5, తెలుపు సి4. సి బంటును నలుపు తీసుకోవచ్చు. తీసుకుని, దాన్ని దాచుకోవాలని చూస్తే ఏమవుతుందో చూద్దాం. తెలుపు ఇ3 ఆడి బిషప్‌కు దారి తీస్తుంది. నలుపు బి5తో బంటుకు కాపలా పెడుతుంది. తెలుపు ఎ4తో ఆ కాపలాను కొడుతుంది. నలుపు సి6తో నిలబెడుతుంది. తెలుపు ఎ బంటు బి5ను తీసుకుంటుంది, నలుపు సి బంటు తిరిగి తీసుకుంటుంది. ఇప్పుడు తెలుపు మంత్రి మెల్లగా ఎఫ్3కి వస్తుంది. ఎఫ్3 నుంచి ఎ8 దాకా మూలగా ఒక గీత గీయండి: ఇ4, డి5, సి6, బి7. దారిలో ఒక్క పావు లేదు. డి5 బంటు సి4ను తీసుకోవడానికి వెళ్లింది, బి7 బంటు బి5కి వెళ్లింది, సి6 బంటు బి5ను తీసుకోవడానికి వెళ్లింది. నలుపు తన చేతులతోనే మూడు తలుపులూ తెరిచింది. మూలనున్న రూక్‌ను కాపాడుకోవాలంటే ఏదో ఒక పావును అడ్డం వేసి వదులుకోవాలి.

అందువల్ల బంటును తీసుకున్నా దాన్ని దాచుకునే ప్రయత్నం చేయరు. లేదా అసలు తీసుకోకుండా ఇ6తో డి5ను గట్టి చేసుకుంటారు. ఈ రెండో దారి ఎంత నమ్మకమైనదో చెప్పడానికి 1927 బ్యూనస్ ఎయిర్స్ ప్రపంచ చాంపియన్‌షిప్ చాలు. అప్పటి చాంపియన్ కాపాబ్లాంకా, అతన్ని ఓడించిన అలెఖైన్ ఆడిన 34 ఆటల్లో రెండు తప్ప అన్నీ ఈ ఓపెనింగే.

ఇ6 ఆడటంలో ఒక ఖరీదు ఉంది. సి8 బిషప్ దారి మూసుకుపోతుంది. ఆ ఒక్క పావును బయటికి తేవడం ఎలా అన్నదే క్వీన్స్ గాంబిట్‌లో నలుపు పక్షం వందేళ్ల తపన. తెలుపు డి5 దగ్గర బంట్లు మార్చుకుంటే ఆ బిషప్‌కు దారి దొరుకుతుంది గానీ ఇంకో సంగతి మొదలవుతుంది. మంత్రి వైపు తెలుపుకు ఎ, బి వరసల్లో రెండు బంట్లు, నలుపుకు ఎ, బి, సి వరసల్లో మూడు. తక్కువ ఉన్నవాళ్లే దాడికి దిగుతారు. తెలుపు బి బంటును బి4కి, బి5కి నడిపిస్తుంది. సి6 దగ్గర బంట్లు మారాక నలుపు చేతిలో సి6 బంటు ఒంటరిగా మిగులుతుంది. తెలుపు రూక్ సి వరసలో కూర్చుని ముప్పై ఎత్తుల పాటు ఆ బంటునే చూస్తుంది. రెండు బంట్లతో మూడింటి మీదికి వెళ్లడం పైకి చూస్తే తిరకాసు. కానీ ఇక్కడ లెక్క సంఖ్యతో కాదు, ఎదుటి బంట్లలో ఒకదాన్ని అనాథగా మిగల్చడంతో. ఈ అమరిక తెలిసినవాళ్లు ఎదుటివాడు పదో ఎత్తులో ఏం మార్చినా తడుముకోరు. ఎందుకంటే ఎత్తులు మారినా బంట్లు అక్కడే ఉన్నాయి.

## కలకత్తా నుంచి వచ్చిన పేరు

పై ఓపెనింగ్‌లన్నిటి నమ్మకం ఒకటే: నడిబొడ్డున బంట్లు నిలిపినవాడిదే పైచేయి. 1920లలో నిమ్జోవిచ్, రేటీ లాంటి ఆటగాళ్లు దీన్ని ప్రశ్నించారు. కేంద్రాన్ని ఆక్రమించనక్కర్లేదు, దూరం నుంచి పావులతో కాచుకోవచ్చు అన్నారు. 1924 న్యూయార్క్ టోర్నమెంట్‌లో, అప్పటికి ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరుగని కాపాబ్లాంకాను రేటీ ఓడించడంతో ఈ వాదానికి బలం వచ్చింది.

ఈ కొత్త ఆలోచనకు మన దేశంలో పాత వేరు ఒకటి ఉంది. 1840ల చివర నుంచి కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ ఆటగాడితో మహేశ్‌చంద్ర బందోపాధ్యాయ అనే బెంగాలీ వందల ఆటలు ఆడాడు. ఆ ఆటలను కాక్రేన్ రాసి ఉంచడం వల్ల అవి మిగిలాయి. ఇప్పుడు గ్రూన్‌ఫెల్డ్ అని పిలిచే రక్షణను మహేశ్‌చంద్ర 1855లోనే ఆడాడు. గ్రూన్‌ఫెల్డ్ దాన్ని ఆడింది 1922లో. కింగ్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్ పేర్లలోని ఇండియన్ ఈ వారసత్వమే.

ఎందుకలా ఆడారు? దేశీ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకదు, ఒక్క గడే నడుస్తుంది. అలాంటి ఆటలో కేంద్రంలోకి ఒక్క ఉదుటున చేరడం కుదరదు. జి బంటును ఒక గడి జరిపి, బిషప్‌ను దాని వెనక జి7లో పెట్టి, పెద్ద గీత మీద నుంచి కేంద్రాన్ని చూడటం అక్కడ సహజమైన పద్ధతి. నియమాలు మారినా చేతివాటం మారలేదు. ఊళ్లలో తాతల దగ్గర ఒక్క గడి నడకతో చదరంగం నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

## ఫ్యాషన్ ఎలా మారుతుంది

ఒక ఓపెనింగ్ చచ్చిపోయిందని, ఇంకోటి బతికిందని తరచూ వింటుంటాం. అక్కడ జరిగేది ఏమిటో చెప్పడానికి బెర్లిన్ రక్షణ మంచి ఉదాహరణ. రుయ్ లోపెజ్‌లో నలుపు మూడో ఎత్తుగా ఎ6 బదులు నేరుగా గుర్రాన్ని ఎఫ్6కి తెస్తుంది. తెలుపు క్యాస్లింగ్ చేస్తే గుర్రం ఇ4 బంటును తినేస్తుంది. పావులు మారుతూ మారుతూ ఎనిమిదో ఎత్తుకు మంత్రులు రెండూ బోర్డు దిగిపోతాయి. నలుపు రాజు డి8లో, క్యాస్లింగ్ హక్కు పోగొట్టుకుని నిలబడతాడు. చాలాకాలం దీన్ని నలుపుకు చేదు మాత్రగానే చూశారు.

2000లో లండన్‌లో వ్లాదిమిర్ క్రామ్నిక్ దీన్నే అప్పటి చాంపియన్ కాస్పరోవ్ మీద గోడలా కట్టాడు. ఆ మ్యాచ్‌లో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేదు. క్రామ్నిక్ 8.5–6.5తో కిరీటం తీసుకున్నాడు. ఎత్తులు కొత్తవి కావు. తూకం కొత్తది. మంత్రులు లేనప్పుడు నడిబొడ్డున ఉన్న రాజుకు ప్రాణభయం లేదు. నలుపు చేతిలో రెండు బిషప్‌లున్నాయి. రాజు వైపు తెలుపుకు నాలుగు బంట్లు, నలుపుకు మూడు. మంత్రి వైపు నలుపుకు నాలుగు బంట్లున్నా వాటిలో రెండు సి వరసలో జంటగా ఇరుక్కున్నాయి. పావులన్నీ మారిపోయి బంట్లే మిగిలితే సాధారణంగా తెలుపు గెలుస్తుంది. అందుకే నలుపు పావులను మార్చుకోవడానికి తొందరపడదు. ఈ బంట్ల లెక్క కొత్తది కాదు. రుయ్ లోపెజ్‌లో నాలుగో ఎత్తుకే బిషప్‌తో గుర్రాన్ని మార్చుకునే శాఖలో 1914 సెంట్ పీటర్స్‌బర్గ్‌లో అప్పటి చాంపియన్ లాస్కర్ కాపాబ్లాంకాను ఓడించినప్పుడూ, 1966లో హవానాలో ఫిషర్ అదే శాఖను మళ్లీ బయటికి తీసినప్పుడూ ఉన్నది ఇదే. పాతది తెలిసినవాళ్లకు కొత్తది సగం ముందే తెలుసు.

2014లో సోచిలో విశ్వనాథన్ ఆనంద్‌పై మాగ్నస్ కార్ల్‌సన్ గెలిచి మ్యాచ్ ముగించిన పదకొండో ఆట కూడా బెర్లినే. ఈ గోడను బద్దలు కొట్టడం కష్టమని తేలాక అగ్రశ్రేణి ఆటగాళ్లలో చాలామంది మళ్లీ ఇటాలియన్‌కు వచ్చారు. అయితే గ్రెకో మెరుపుదాడులతో కాదు. సి3, డి3 ఆడి, డి4ను నెమ్మదిగా సిద్ధం చేసుకునే మెత్తని పద్ధతితో. రుయ్ లోపెజ్‌లో చూసిన సి3 పనే ఇక్కడా నడుస్తుంది.

కంప్యూటర్ల సంగతి కూడా ఇలాంటిదే. 2017 చివర్లో వెల్లడైన ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఆట నియమాలు తప్ప ఒక్క మనిషి ఆట కూడా చూపించలేదు. తనతో తానే ఆడుకుని నేర్చుకుంది. అలా నేర్చుకున్నా క్వీన్స్ గాంబిట్ లాంటి మనుషుల ఓపెనింగ్‌లను అది సొంతంగా కనుక్కుంది. శతాబ్దాల అనుభవంతో మనుషులు చేరిన చోటికే యంత్రం వేరే దారిలో వచ్చిందంటే ఆ ఎత్తుల్లో అలవాటుకు మించిన బలం ఉన్నట్టే. మరోవైపు యంత్రాల వల్ల అగ్రస్థాయిలో ఇంటి దగ్గర తయారీ ఇరవై, పాతిక ఎత్తుల దాకా పోయింది. దానికి విరుగుడుగా ఫిషర్ 1996లో ప్రతిపాదించిన, వెనక వరస పావులను కలగలిపి పెట్టే 960 ఆరంభ అమరికల ఆట ఇప్పుడు పెద్ద టోర్నమెంట్‌లుగా జరుగుతోంది. అక్కడ ఏ వరసా బట్టీకి అందదు. ఏ గడికి కాపలా తక్కువ, ఏ బంటు పక్కకు జరిగితే ఏ గీత తెరుచుకుంటుంది అన్న చూపు మాత్రం పనిచేస్తుంది.

## నేర్చుకునేవాళ్లకు దీని అర్థం

సింగపూర్ మ్యాచ్‌నే మళ్లీ చూద్దాం. మొదటి ఆటలో గుకేశ్ ఇ4 ఆడితే అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఫ్రెంచ్ రక్షణతో (జవాబుగా ఇ6 ఆడటం) ఎదుర్కొని గెలిచాడు. గుకేశ్‌కు తయారీ తక్కువేమీ కాదు. ఫ్రెంచ్ రక్షణలో లోతైన అనుభవం ఉన్న గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా అతని బృందంలో ఉన్నారు. చివరికి కిరీటాన్ని తేల్చింది పద్నాలుగో ఆట 55వ ఎత్తు. రూక్, బిషప్, కొన్ని బంట్లు మాత్రమే మిగిలిన ముగింపులో డింగ్ రూక్‌ల మార్పిడికి పిలిచాడు. మార్చుకున్నాక బిషప్‌లు కూడా మారక తప్పదని, బంట్ల ఆటలో తనదే గెలుపని గుకేశ్ చూశాడు. ఆ స్థాయిలో కూడా ఓపెనింగ్ ఆటను ప్రారంభిస్తుంది, ముగించదు.

ఈ దృష్టితో చూస్తే మొదటి రెండేళ్ల చదువులో పది ఓపెనింగ్‌లు పైపైన నేర్చుకోవడం కంటే తెల్లపావులతో ఒకటి, ఇ4కు ఒక జవాబు, డి4కు ఒక జవాబు లోతుగా నేర్చుకోవడం మేలు. ఇటాలియన్‌తో మొదలుపెట్టడానికి కారణం అందులో తప్పుకు శిక్ష వెంటనే పడుతుంది. పిల్లలకు కారణం కళ్లకు కడుతుంది. రుయ్ లోపెజ్‌లో శిక్ష ఆలస్యంగా పడుతుంది. క్వీన్స్ గాంబిట్‌లో ముప్పయ్యో ఎత్తుకు గానీ తెలియదు. తేలికది ముందు, కష్టమైనది తర్వాత అనే వరస కంటే శిక్ష త్వరగా కనిపించేది ముందు అనే వరస బాగా పనిచేస్తుంది.

వీడియోల్లో ఎక్కువగా కనిపించే ఎరల విషయంలో జాగ్రత్త అవసరం. ఎఫ్7 మీద నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు చేసే ఎర తెలియనివాళ్ల మీద పదిసార్లు పారుతుంది. తెలిసినవాడు ఎదురైన రోజు మంత్రి వృథాగా బయటికి వచ్చి, ఎదుటి పావులు దాన్ని తరుముతూ ఒక్కొక్కటే మంచి చోట్లకు చేరతాయి. ఎరతో వచ్చిన గెలుపు ఏమీ నేర్పదు. ఎదుటివాడు దాన్ని ఎలా తప్పించుకోవాలో నేర్చుకుంటే మాత్రం ఎఫ్7 గడి సంగతి జన్మలో మరిచిపోరు.

బోర్డు ముందు చేసి చూడదగ్గ పని ఒకటుంది. రుయ్ లోపెజ్ వరసను తొమ్మిదో ఎత్తు దాకా వేసి, హెచ్3 దగ్గర ఆపాలి. ఆ ఎత్తు తీసేసి దాని బదులు వెంటనే డి4 ఆడాలి. ఇప్పుడు నలుపు వైపు కూర్చుని బిషప్‌ను జి4కి తేవాలి. ఎఫ్3 గుర్రం కదిలితే వెనక మంత్రి పోతుంది. డి4 మీద ఇ5 బంటు, సి6 గుర్రం ఉన్నాయి. తెలుపు డి5కి తోసి కేంద్రాన్ని మూసేయాలా, ఇ3కి బిషప్‌ను తెచ్చి కాపు కాయాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది. రెండూ ఆడదగ్గవే, కానీ ఇప్పుడు ప్రశ్న అడుగుతున్నది నలుపు. ఆ తర్వాత మళ్లీ తెలుపు వైపు వచ్చి, ఇదే వరసలో ఇంకే ఎత్తు తీసేస్తే ఏం కూలుతుందో ఒక్కొక్కటిగా తీసి చూడాలి. సి3 తీసేయండి, రూక్ ఇ1 తీసేయండి, నలుపు బి5 తీసేయండి. ఒక సాయంత్రానికి సరిపడా పని.